పళ్ళు తీసిన ముఖం

మెట్ల మొదట్లోనే గురక వినబడింది. వదిన రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయింది.

మిట్టమధ్యాహ్నం. తెల్లవారకముందే లాండ్రీకి వెళ్ళి, ఆస్పత్రుల దుప్పట్లు వేడి రోలర్లలోకి తోసి తోసి, మోచేతుల దాకా ఉడికిపోయి ఇంటికొస్తోంది. లాండ్రీలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ వదినే, ఆఖరికి సూపర్‌వైజర్‌కి కూడా. కాబట్టి ఇక్కడా వదినే. ఆ గురక ఆవిడ మొగుడిది. సరుకుల యార్డులో క్రేన్ నడిపేవాడు. ఇప్పుడు నడపడం లేదు, గేటు దగ్గర రాత్రి కాపలాకి వేశారు. అందుకే పగలు పడుకుంటాడు. క్రేన్ పోయినా పేరు పోలేదు. అందరూ ఆపరేటర్ అనే పిలుస్తారు.

కింది పోర్షన్ పెద్దాయన గుమ్మంలో స్టూలేసుకుని కూర్చున్నాడు. గురక పోవడానికే కదమ్మా ఆ మిషన్ తెచ్చిందీ అని అడిగాడు. ఇదివరకు గురక ఒక్కటే ఉండేదట, ఇప్పుడు దానికి తోడు ఈల కూడా వచ్చిందట, కచేరీ బాగా ముదిరిందట. వదిన నవ్వినట్టు మొహం పెట్టి పైకి ఎక్కింది. నవ్వడానికి కూడా ఒంట్లో ఏదో ఒకటి మిగలాలి కదా.

కిటికీకి మేకులు కొట్టి దుప్పటి కట్టారు, వెలుతురు రాకుండా. ఆ చీకట్లో ఆపరేటర్ వెల్లకిలా పడున్నాడు. ముక్కూ నోరూ కప్పేస్తూ మాస్క్. దాన్నుంచి వంకీల గొట్టం పోయి మంచం పక్కన పెట్టెలో కలుస్తుంది. బెల్టులు చెంపల్లోకి దిగిపోయాయి. అంత బిగించినా బుగ్గ దగ్గర సందులోంచి గాలి సర్రున కారుతోంది, ఎడమ కంటిమీదికి కొడుతోంది, రెప్ప వణుకుతోంది. ఇవేవీ పట్టని నిద్ర అతనిది. గురక లేచింది, పైకి పోయింది, ఎక్కడో ఇరుక్కుంది, ఆగింది.

వదిన చేతిలో సంచీ అలాగే పట్టుకుని నిలబడింది. ఈ ఆగడమే జబ్బు. గురకది ఏముంది, గోడకి తల తిప్పుకుంటే సరి. ఆగినప్పుడే మనిషి లేనట్టు. తను కూడా ఊపిరి బిగబట్టింది. ఆపరేటర్ నీళ్ళలోంచి తేలినవాడిలా ఒక్క ఊపు ఊగి గాలి లాక్కున్నాడు. అప్పుడు సంచీ కింద పెట్టింది.

మోకాళ్ళ మీద కూర్చుని పక్క బెల్టు ఇంకొంచెం లాగింది. ఈల ఆ పక్క మానేసి ఈ పక్క మొదలెట్టింది. ఈ పక్క లాగితే ముక్కు మీద కారింది. ముక్కు మీద ఎర్రగా గాటు పడివుంది ఇప్పటికే. చేతులు జారవిడిచి గోడకి ఆనుకుంది.

క్రేన్ కేబిన్లో ఇతను నిద్రలోకి జారాడు. అదీ సంగతి. పైన బరువు వేలాడుతుండగా, చేతిలో లివర్ ఉండగా. కింద ఎవరూ లేకపోబట్టి మాటతో పోయింది. కంపెనీ పరీక్షకి పంపింది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బన్నారు, మిషన్ ఇప్పించారు. మిషన్‌కి బుర్ర ఉంది, ఎంత గాలి కారిందో, ఎన్నిసార్లు గురకపెట్టాడో అన్నీ దాచుకుంటుంది. ఆ లెక్క బాగుపడితేనే మళ్ళీ కేబిన్. సోమవారం ఆఖరి పరీక్ష. అప్పటికీ ఇలాగే ఉంటే కేబిన్ ఇంకొకరికి. గేటుకి ఎలాగూ దానంతటదే లేచే అడ్డుకర్ర వస్తోంది, అక్కడా మనిషి అక్కర్లేదు. అంటే సోమవారం దాటితే ఆపరేటర్‌కి పైనా చోటు లేదు, కిందా లేదు.

*

మర్నాడు లాండ్రీలో వదినకి నిలబడే కునుకు పట్టింది.

రోలర్ దగ్గర ఇద్దరు ఉండాలి. తడి దుప్పటికి చెరో కొసా పట్టుకుని, ఒక్కసారి విదిలించి, ముడత లేకుండా పట్టీ మీదికి అందించాలి. అందించిన వెంటనే చెయ్యి వెనక్కి తియ్యాలి. వదినకి ఎదురు కొస పట్టుకునే పిల్లని అందరూ చెల్లి అంటారు. చెల్లి మాట్లాడుతూనే ఉంటుంది, చెయ్యి నడుస్తూనే ఉంటుంది. ఆ మాటలు వింటూ వింటూ వదిన చెయ్యి వెనక్కి తియ్యడం మరిచిపోయింది. దుప్పటితో పాటు జాకెట్టు చెయ్యి అంచు లోపలికి పోయింది. చెల్లి పైనున్న ఎర్ర తాడు పట్టుకుని వేలాడింది. రోలర్ ఆగింది. గుడ్డ కాలిన వాసన, అంతే. వేళ్ళు ఉన్నాయి.

సూపర్‌వైజర్ అద్దాల గదిలోంచి తొంగిచూశాడు. దుప్పటి మడతపడిందని చెల్లి చెప్పేసింది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. మడతపడిన దుప్పటి తప్పుకాదు, మడతపడిన మనిషి తప్పు. అందుకే అందరూ దుప్పటి మీదికే నెడతారు.

టీ వేళకి చెల్లి ఊరుకోలేదు. ఎన్నాళ్ళయింది వదినా నువ్వు కంటినిండా నిద్రపోయి అని నిలదీసింది. వదిన చెప్పింది. మిషన్ పెట్టినా గురక పోలేదు, గాలి కారిపోతోంది, నోరు తెరిచి పడుకుంటాడు, నాలుక ఎండిపోయి లేస్తాడు. ఫోన్ చేస్తే క్లినిక్‌లో మాస్కులు కొలిచే అమ్మాయి అక్కణ్ణుంచే గాలి ఒత్తిడి కొంచెం పెంచింది, పెంచితే ఈల పెరిగింది. పక్కకి పడుకోమంది, తలగడ మార్చమంది. అన్నీ అయ్యాయి. చెల్లి మేనమామకి కూడా ఇదే మిషనట. నోరు తెరుచుకోకుండా గడ్డం కిందనుంచి నడినెత్తికి ఒక పట్టీ కడతారట. అది కట్టాక వాళ్ళత్త మొదటిసారి మొగుడి పక్కన పడుకుని వాన చప్పుడు విందట.

"మా మామకి నోరు కట్టేస్తే ఇల్లంతా బాగుపడింది వదినా. గురక పోయింది, సణుగుడూ పోయింది" అంది చెల్లి.

వదినకి చాన్నాళ్ళకి నిజంగా నవ్వొచ్చింది. ఆ సాయంత్రం పాత లంగా నడుముపట్టీ విప్పి, మెత్తటి గుడ్డ అడుగున వేసి, గడ్డం పట్టీ కుట్టింది. సూదిలో దారం ఎక్కించడానికి మూడో ప్రయత్నానికి గాని కన్ను నిలబడలేదు.

*

పట్టీ కడితే ఆపరేటర్ పంటి నొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు. అద్దంలో చూసుకుని, ఇలా చూస్తే గేటు దగ్గర కుక్క కూడా మొరగదన్నాడు. నిజానికి అతనికి నొప్పి రావడానికి పై పళ్ళు లేవు. పడుకునేముందు కట్టుడు పళ్ళ సెట్టు తీసి గ్లాసు నీళ్ళలో వేస్తాడు. తియ్యగానే పై పెదవి లోపలికి కూలిపోతుంది, బుగ్గలు జారతాయి, పదేళ్ళు మీదపడతాయి. ఆ ముఖాన్ని వదిన తప్ప ఎవరూ చూడలేదు. సెట్టు తీసేటప్పుడు పెళ్ళాం ముందైనా సరే, గోడవైపు తిరుగుతాడు.

పట్టీ గడ్డాన్ని పైకి లాగింది. బుగ్గలు ఇంకా ముడుచుకున్నాయి. ఆ ముడతల్లోంచి గాలి ఇంకా హాయిగా బయటికొచ్చింది. గురక ముక్కులోకి మారింది. సోమవారం దగ్గరపడుతోంది.

శనివారం ఒకటి జరిగింది. రాత్రంతా లారీలు వస్తూనే ఉన్నాయని ఆపరేటర్ పొద్దున్నే సొమ్మసిల్లినట్టు వచ్చాడు. బూట్లు విప్పాడు, మాస్క్ తగిలించుకున్నాడు, పడ్డాడు. సెట్టు తియ్యడం మరిచిపోయాడు. ఆ రోజు వదినకి సెలవు. గుమ్మం దగ్గర కూర్చుని కాలిన జాకెట్టు చెయ్యి విప్పి కొత్త గుడ్డ వేస్తోంది. కాసేపటికి ఏదో తేడా అనిపించింది. ఈల లేదు. గురక లేదు. పెట్టె సన్నగా ఊపిరి తీస్తోంది, మనిషి దాంతో పాటు తీస్తున్నాడు. పైకీ కిందికీ, పైకీ కిందికీ. ఎక్కడా ఆగడం లేదు.

దగ్గరికెళ్ళి మాస్క్ చుట్టూ చెయ్యి తిప్పి చూసింది. ఎక్కడా గాలి తగల్లేదు. మాస్క్ ముఖానికి అచ్చుగుద్దినట్టు అతుక్కుంది. గ్లాసు ఖాళీగా ఉంది. అప్పుడు అర్థమైంది. క్లినిక్‌లో మాస్క్ కొలిచిన రోజు ఇతని నోట్లో పళ్ళున్నాయి. ఇంట్లో పళ్ళు లేని ముఖానికి అదే తొడుగుతున్నారు. చొక్కా ఒకరికి కొలిచి ఇంకొకరికి తొడిగితే ఎక్కడ పడుతుంది?

సూది పక్కన పెట్టి అక్కడే నేలమీద ఒరిగింది. ఎంత బాగుందో అనుకునేలోపల మంచం మీద గొంతు పూడిన చప్పుడు. ఆపరేటర్ మాస్క్ పీకి విసిరేశాడు. కళ్ళు బయటికొచ్చాయి. వదిన అతని నోట్లో వేళ్ళు పెట్టి వదులైన సెట్టుని గొంతు దగ్గర్నుంచి లాగింది. అతను మంచం కోడు పట్టుకుని చాలాసేపు దగ్గాడు. చవకలో చేయించిన సెట్టు, ఏనాడూ సరిగ్గా కూర్చోలేదు. పెట్టుకుని పడుకుంటే చంపుతుంది, తీసి పడుకుంటే మాస్క్ పనిచెయ్యదు.

"పళ్ళు లేని ముఖానికి మాస్క్ కొలవమని అడుగుదాం. ఇంకేం లేదు" అంది వదిన.

"కట్టుడు పళ్ళున్నాయా అని ఆ అమ్మాయి అప్పుడే అడిగింది" అన్నాడతను.

"నువ్వేమన్నావ్?"

"లేవన్నాను. హెల్మెట్ సారు పక్కనే కూర్చున్నాడు."

హెల్మెట్ సారంటే యార్డు సేఫ్టీ ఆఫీసరు. కేంటీన్లో కూడా హెల్మెట్ తియ్యడు, అందుకని ఆ పేరు. ఆయన ముందు పళ్ళ మాట ఎందుకెత్తకూడదో ఇద్దరికీ తెలుసు. ఆ పళ్ళు పోయింది యార్డులోనే. బ్రేకు పట్టని క్రేన్ హుక్కు ఊగి వచ్చి మూతిమీద కొట్టింది. అప్పుడు ఆస్పత్రి మంచం పక్కన హెల్మెట్ సారు వంగి, చాలా మర్యాదగా, ఇంట్లో బాత్రూంలో జారిపడ్డాడు కదమ్మా అని వదినని అడిగాడు. ఆయన వెనక గ్యాంగు మనుషులంతా నేల చూస్తూ నిలబడ్డారు. యార్డు గేటుకి పెద్ద బోర్డుంది, ప్రమాదం జరగని రోజులు ఇన్ని అని. ఆ అంకె సున్నాకి వస్తే అందరి బోనసూ పోతుంది. వదిన అవును సార్ అంది. అప్పట్నుంచి యార్డులో కొందరు ఇతన్ని బాత్రూం బావ అంటారు, నిజం తెలిసినవాళ్ళు కూడా. తెలిసినవాళ్ళే ఎక్కువ అంటారు. ఇప్పుడు గేటు కాపలా కాబట్టి పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఆ బోర్డు మీద అంకె మార్చాల్సింది కూడా ఇతనే. సిగ్గున్నవాడెవడూ ఆ పని ఇతనికి చెప్పడు. చెప్పారు.

"కట్టుడు పళ్ళున్నాయని చెప్తే అసలువి ఎలా పోయాయంటారు" అన్నాడు ఆపరేటర్, పళ్ళు లేని నోటితో, గోడవైపు తిరిగి. "అబద్ధం చెప్పానని కేబిన్ తీసేస్తారు. నువ్వు కూడా చెప్పావుగా. నీ నోటితోనే."

ఆ మాట వదినకి గుచ్చుకుంది, ఎందుకంటే నిజం. సెట్టు కడిగి గ్లాసులో వేసింది. పళ్ళున్నాయని మాత్రం చెబుదాం, ఎలా పోయాయో ఎవరడుగుతారు, పళ్ళు ఎవరికి పోవడం లేదు అంది. కాసేపటికి గురక మొదలైంది. మాస్క్ కింద పడేవుంది. పెట్టె మాత్రం గాలి ఊదుతూనే ఉంది, ఎవరికీ కాకుండా.

*

సోమవారం. క్లినిక్ గది చిన్నది. ఒక కుర్చీ, ఒక సన్నటి మంచం, గోడకి వరసగా మాస్కులు. ఖర్చు కంపెనీది కాబట్టి హెల్మెట్ సారుకి అక్కడ కూర్చునే హక్కుందట. ఇక్కడ మాత్రం హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మాస్కుల అమ్మాయి కంప్యూటర్లో మిషన్ లెక్క చూసింది. కిందికి లాగుతున్నకొద్దీ ఆ పిల్ల మొహం చిన్నదయింది.

"గాలి సగం బయటికే పోతోంది బాబాయ్. గురక అలాగే ఉంది. శనివారం ఒక్కరోజు కాసేపు ఎంత బాగుందో చూడండి. ఆరోజేం చేశారు?"

ఆపరేటర్ బూట్ల వైపు చూసుకున్నాడు. హెల్మెట్ సారు గడియారం చూసుకున్నాడు. అయితే లెక్క కుదరనట్టే కదా, నేను అలాగే చెప్పేస్తాను అని లేవబోయాడు. కోపం లేదు, పగ లేదు. ఒక పని అయిపోయింది, ఇంకో పని ఉంది, అంతే ఆ గొంతులో.

"ఆరోజు పళ్ళు పెట్టుకుని పడుకున్నాడు" అంది వదిన.

అమ్మాయి తిరిగింది. కట్టుడు పళ్ళా, మొదట్లోనే చెప్పాల్సింది కదా అంది, కాని తిట్టినట్టు కాదు, దారి దొరికినట్టు. పళ్ళు తీస్తే ముఖం కొలతే మారిపోతుందట, మాస్క్‌ని ఏ బెల్టూ పట్టి ఉంచలేదట, దవడ వెనక్కి జారి గురక పెరుగుతుందట. తప్పు బాబాయిదీ కాదు మిషన్‌దీ కాదు, కొలతది అని తేల్చేసింది. తీసి చూపించమంది. ఆపరేటర్ గోడవైపు తిరగబోయాడు. ఆ పక్క గోడ నిండా మాస్కులే. చేసేదిలేక అందరి ముందే తీశాడు. పెదవి కూలిపోయింది. అరచేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మాయి ఆ చెయ్యి మెల్లగా పక్కకి తీసి, పై పెదవి మీద, ముక్కు పక్కన వేలితో నొక్కి చూసింది. ఒకచోట ఆగింది. ఎముక సమంగా లేదంది.

"పళ్ళు ఎలా పోయాయి? ఇక్కడేమైనా విరిగిందా? మాస్క్ బరువంతా ఇక్కడే పడుతుంది, నాకు తెలియాలి."

హెల్మెట్ సారు వంగాడు. చాలా మర్యాదగా.

"చిగుళ్ళ జబ్బు కదా ఆపరేటర్? చిగుళ్ళ జబ్బేనమ్మా. రాసుకోండి. కొత్త మాస్క్ ఇచ్చెయ్యండి, లెక్క కుదిరితే వచ్చేవారమే కేబిన్ ఎక్కుతాడు. మాకూ మనిషి కావాలి."

ఎంత సులువుగా ఉందో చూడండి. ఎవరికీ నష్టం లేదు. మాస్క్ వస్తుంది, కేబిన్ వస్తుంది, బోర్డు మీద అంకె చెక్కుచెదరదు. ఊఁ అంటే చాలు. వదినకి ఆ క్షణంలో ఊఁ అనాలనే ఉంది. ఒళ్ళంతా నిద్ర. ఎవరైనా ఏదైనా అడిగితే ఊఁ అనేసి పడుకోవాలన్నంత నిద్ర.

కాని ఆ 'కదా' అన్న మాట దగ్గర ఆవిడ చెవి ఆగిపోయింది. జారిపడ్డాడు కదమ్మా. చిగుళ్ళ జబ్బు కదా. అదే వంగడం, అదే మర్యాద. ఇన్నాళ్ళూ ఆ అబద్ధం తన నోటిదే అనుకుని మోసింది. మొగుడు కూడా నీ నోటితోనే అన్నాడు. అది తన నోట్లో పుట్టలేదు. ఈ మనిషి తెచ్చి పెట్టాడు, పళ్ళ సెట్టు పెట్టినట్టు. ఈయనకి అన్నీ తెలుసు. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. పొద్దున్నే నిచ్చెన ఎక్కేవాడి మూతి ఎందుకలా ఉందో తెలిసే ఆ అంకె ఇతని చేతికిచ్చాడు.

వదిన గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

"చిగుళ్ళు కాదమ్మా. క్రేన్ హుక్కు తగిలింది. యార్డులో. ఎముక విరిగింది. బాత్రూంలో జారాడని అప్పుడు నేనే చెప్పాను, ఈ సారు అలా అడిగితే."

హెల్మెట్ సారు మొహం మారలేదు. అలాంటి మొహాలు అంత తొందరగా మారవు. ఆవిడ నిద్రలేక ఏదో మాట్లాడుతోందని అమ్మాయితో అన్నాడు. అమ్మాయి ఆయన్ని చూడలేదు. ఆపరేటర్ని చూసింది.

"అవునా బాబాయ్?"

ఆపరేటర్ పెళ్ళాం వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని వదినకి భయమేసింది. కోపం కాదు. రాత్రంతా గేటు దగ్గర నిలబడినవాడికి ఎవరో స్టూలు తెచ్చి వేస్తే ఎలా చూస్తాడో అలా చూశాడు. నోటికి మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అవునని తల ఊపాడు. ఊపి, వేలితో తనే చూపించాడు, ఇక్కడ తగిలింది, ఇటునుంచి వచ్చిందని.

అమ్మాయి కీబోర్డు టకటకలాడించింది. ఏం రాస్తున్నావని హెల్మెట్ సారు లేచి నిలబడ్డాడు. చెప్పింది రాస్తున్నానంది. మాస్క్ ఎక్కడ ఆనాలో, ఎక్కడ ఆనకూడదో దాన్నిబట్టే ఉంటుంది కదా సార్ అంది. అది తెగింపేం కాదు, పని. ఆ పిల్లకి అవతల ఇంకో నలుగురు కాచుకుని ఉన్నారు.

మూతిమీద ఆనకుండా ముక్కు కింద మాత్రమే ఉండే చిన్న మాస్క్ తీసింది. కూర్చుని కొలిస్తే లాభం లేదు, పడుకుని, గాలి వదిలి, నిద్రలో చూడాలంది. ఆపరేటర్ సన్నటి మంచం మీద ఒరిగాడు. హెల్మెట్ సారు వదినతో బయటికి రామ్మా, మాట్లాడాలి అన్నాడు. ఇది చిన్న విషయం కాదన్నాడు, మొగుడి ఉద్యోగం గురించి ఆలోచించావా అన్నాడు, గ్యాంగులో ఎంతమంది పిల్లలుగలవాళ్ళో తెలుసా అన్నాడు. అవన్నీ వదిన ఆలోచించినవే. రేపు అవన్నీ నిజంగానే మీదపడతాయని కూడా తెలుసు. యార్డులో ఎవరు పలకరిస్తారో, ఎవరు మొహం తిప్పుకుంటారో కూడా తెలుసు. అయినా కుర్చీలోంచి లేవలేదు.

"మాటలుంటే బయట మాట్లాడుకోండి సార్. ఇక్కడ చప్పుడు కాకూడదు" అంది మాస్కుల అమ్మాయి, లైటు తగ్గిస్తూ. ఆవిడ మాత్రం ఉండొచ్చంది, గురక వస్తే గుర్తుపట్టేది ఆవిడే కదా అంది.

ఆయన బయటికెళ్ళాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

పెట్టె సన్నగా ఊదింది. ఆపరేటర్ ఛాతీ లేచింది, దిగింది. ఈల రాలేదు. వదిన చెవి పెట్టింది, ఎక్కడో ఆగుతుందని. ఆగలేదు. ఇంకోసారి, ఇంకోసారి. ఆ తర్వాత వినడం ఆవిడ వల్ల కాలేదు. తల గోడకి వాలింది, నోరు కొంచెం తెరుచుకుంది. ముందు చిన్నగా, తర్వాత ధైర్యంగా, వదిన గురకపెట్టింది.

మాస్కుల అమ్మాయి ఒక్కసారి చూసి, నవ్వాపుకుని, తెర మీద ఆపరేటర్ ఊపిరి గీతకేసి తిరిగింది. గీత నున్నగా పోతోంది. తలుపు అద్దంలో హెల్మెట్ సారు ముఖం కనబడింది. ఇంకా ఎంతసేపని చేత్తో అడిగాడు. అమ్మాయి పెదవులమీద వేలుంచుకుని, నిద్రపోతున్నారని సైగ చేసి, కర్టెన్ లాగేసింది.